మామయ్య గొంతుకి కొలత

మా ఆయన సామాన్ల గదిని స్టూడియోగా మార్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఫ్రిజ్జుకి కూడా సెలవులు మొదలయ్యాయి. రికార్డింగ్ అనగానే ముందు దాని ప్లగ్గు పీకేస్తారు. అది గుర్రుమంటుందట, ఆ గుర్రు మైకులో పడుతుందట. తర్వాత ఫ్యాన్లు, ఆ తర్వాత నా కుట్టుమిషను. ఫ్రిజ్జంటే నోరు లేనిది కాబట్టి ఊరుకుంటుంది. నేను ఊరుకోను.

ముందు గది నా దుకాణం. ప్యాంట్లు పొట్టి చేస్తాను, జాకెట్లు వదులు చేస్తాను, చెడిపోయిన జిప్పులు మారుస్తాను. మా ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు. పగలంతా జనాన్ని ‘ఊపిరి బిగబట్టండి, కదలకండి’ అని చెప్పీ చెప్పీ ఇంటికొచ్చి మాతోనూ అదే మాట. స్టూడియో ఆయనదే గానీ అందులో సరుకంతా నాది. గోడలకి కొట్టిన దుప్పట్లు నావి, తలుపుకి ఆనించిన పరుపు నాది. చిన్నవి చేయమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించని కస్టమర్ల కోట్లు ఓ రాడ్డుకి వరసగా వేలాడదీశారు, అవీ నా దుకాణంవే. ఆ కోట్ల మధ్యలో మైకు. లోపలికెళ్తే బట్టల బీరువాలో ఇరుక్కున్నట్టుంటుంది.

ఇంత చేసి అందులో ఏం రికార్డు చేశారయ్యా అంటే, ‘హలో, ఒకటి, రెండు, మూడు’. నెలలు గడిచినా నాలుగు వినబడలేదు. కారణం ఏమిటంటే, శాంపిల్ రేటు తేలలేదు.

ఆయన నాకు వివరించిన పద్ధతి ఇది. కంప్యూటరు మన గొంతుని వింటూ కూర్చోదట. సెకనుకి కొన్ని వేలసార్లు తొంగిచూసి, చూసినప్పుడల్లా గొంతు ఎంతలో ఉందో ఒక అంకె వేసుకుంటుందట. తర్వాత ఆ అంకెలన్నీ అదే వేగంతో చదివితే మళ్ళీ గొంతు వస్తుందట. సెకనుకి ఎన్నిసార్లు తొంగిచూడాలన్నదే శాంపిల్ రేటు. నలభై నాలుగు వేల నూరు ఒకటి, నలభై ఎనిమిది వేలు ఒకటి, తొంభై ఆరు వేలు ఇంకొకటి. మొదట్లో ఆయన మనసు తొంభై ఆరు మీదే ఉండేది. అది పెడితే మా పాత ల్యాప్‌టాప్‌కి ఆయాసం వచ్చి ఆగిపోయింది. సరే, ఆ సంబంధం తప్పిపోయింది. మిగిలినవి రెండు.

“నలభై ఎనిమిదండీ, నలభై ఎనిమిది. ఈ రోజుల్లో అందరూ అదే పెడుతున్నారు,” అంటారు ఆయన. మర్యాదగా మాట్లాడుతున్నారంటే ఒళ్ళు మండిందని అర్థం.

“మనిషి చెవికి నలభై నాలుగు చాలని మీరే అన్నారు కదా.”

“అన్నాను. కానీ ఎందుకైనా మంచిది.”

“చూడండి, కుట్టు మరీ దగ్గరదగ్గరగా వేస్తే గుడ్డ గట్టిపడదు, చిల్లులు పడుతుంది. మాట్లాడే గొంతుకి నలభై నాలుగు బోలెడు. పైగా ఫైళ్ళు చిన్నవవుతాయి, నా డిజైన్లకి ల్యాప్‌టాప్‌లో కాస్త చోటు మిగులుతుంది.”

“గొంతుకీ గుడ్డకీ పోలికేంటి?”

“తొంగిచూసి అంకెలేసుకునే కంప్యూటరుకీ మీకూ ఉన్న పోలికే.”

ఇలా సాగేది. నేను స్క్రీను మీద నలభై నాలుగు పెట్టేదాన్ని, ఆయన ఇంకేదో చేసేవారు, ‘మూడు’ దగ్గర రికార్డింగ్ ఆగిపోయేది. నిజం చెప్పాలంటే ఆ పోట్లాటలో నాకు మంచి కాలక్షేపం ఉండేది. కానీ మామయ్య సంగతి మధ్యలోకి వచ్చేసరికి అది నవ్వులాట కాకుండా పోయింది.

మా మామయ్య బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో అందరూ ఆయన్ని ‘మైకుగారు’ అనేవాళ్ళు, కూరగాయల కొట్టాయన ఇప్పటికీ అలానే పిలుస్తాడు. ఏ బస్సు ఎక్కడాగిందో, ఎవరి గొడుగు ఎక్కడ దొరికిందో, ఎవరి పిల్లాడు ఏ బెంచీ దగ్గర ఏడుస్తున్నాడో, అన్నీ ఆయన నోటివెంటే వినాలి. ఆయన దిగిపోయాక ఆ గదిలో మిషను పెట్టారు. ముందే రికార్డు చేసి ఉంచిన ముక్కల్ని అతికించుకుని అదే చెప్పేస్తుంది. ఓసారి ఏదో పనిమీద అటువైపు వెళ్ళి ఆ మిషను గొంతు విని ఇంటికొచ్చారు. అప్పట్నుంచీ మాటలు తగ్గించేశారు. టీ కావాలా అంటే నిలువుగా తలూపుతారు, వద్దనుకుంటే అడ్డంగా ఊపుతారు. “గొంతు పాతబడిపోయిందమ్మాయ్, ఇంకెవరికి కావాలి,” అన్నారోసారి. నాకు మనసు చివుక్కుమంది.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున టిఫిన్ల దగ్గర గొంతు సవరించుకుని, పేపరు చూస్తున్నట్టు నటిస్తూ అన్నారు. “చూపులేని వాళ్ళ కోసం ఏదో లైబ్రరీ ఉందిట. పుస్తకాలు చదివి రికార్డు చేసిచ్చేవాళ్ళు కావాలిట. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.”

“ఎలాంటి వాళ్ళు కావాలిట నాన్నా?” అన్నారు మా ఆయన.

“ఎలాంటివాళ్ళైనా పర్లేదుట.” పేపరు ఓ పేజీ తిప్పారు. “పెద్దవాళ్ళైనా పర్లేదుట.”

అత్తయ్య రొట్టెకి వెన్న రాస్తూ తలెత్తకుండా అన్నారు. “మాకు తెలిసినవాళ్ళలో మైకుగారని ఒకాయన ఉన్నారు. కాకపోతే ఆయన ఈ మధ్య తలూపడం తప్ప ఏమీ చేయట్లేదు. తలూపితే రికార్డవుతుందేమో కనుక్కోండి.”

మామయ్య పేపరు వెనక నవ్వారు. పేపరు కదిలింది కాబట్టి నాకు తెలిసింది.

లైబ్రరీవాళ్ళు ఒక పేజీ పంపించారు. అది చదివి ఆదివారం సాయంత్రంలోగా ఫైలు పంపాలి. వాళ్ళు విని నచ్చితే పిలుస్తారు. ఎన్ని వేలసార్లు తొంగిచూడాలో మాత్రం వాళ్ళేమీ చెప్పలేదు, ‘స్పష్టంగా ఉంటే చాలు’ అన్నారంతే. మామయ్య ఆ పేజీ పట్టుకుని మేడ మీద పచార్లు చేస్తూ చదువుకునేవారు. ఇంట్లోకి ఆ గొంతు మెట్లమీద నుంచి సన్నగా దిగుతుంటే నేను మిషను ఆపి వినేదాన్ని. ఇది కూడా కాదంటే ఆయన ఇంక తలూపుడుతోనే సరిపెట్టేసుకుంటారని మా ముగ్గురికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చి కోట్ల మధ్య కూర్చున్నారు. వినబడేది గొంతొక్కటే అయినా డ్యూటీకి వెళ్ళినట్టే తయారయ్యారు. సరిగ్గా అప్పుడే మా ఆయన స్క్రీను చూసి, “నలభై నాలుగులో ఉందేంటి?” అన్నారు.

“నేనే పెట్టాను.”

“ఈ ఒక్కరోజుకైనా...”

“ఈ ఒక్కరోజుకైనా మీరే తగ్గొచ్చు కదా!”

గొంతులు లేచాయి. నేను కుట్టు గురించి అన్నాను, ఆయన చెవుల గురించి అన్నారు. మధ్యలో కూర్చున్న మామయ్య ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి, మెల్లగా లేచి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. “మీరు తేల్చుకోండర్రా. నేను కుండీలకి నీళ్ళు పోసొస్తాను.”

మెట్లెక్కుతున్న ఆయన చెప్పుల చప్పుడు పైదాకా వినబడింది. మా ఆయన కూడా స్క్రీను వదిలేసి మెట్లకేసే చూశారు. అత్తయ్య వంటింట్లోంచి ఒకే ఒక్క మాటన్నారు. “సంతోషమేనా?”

నేను మేడ మీదకి పరిగెత్తాను. మామయ్య అప్పటికే నీళ్ళలో మునిగి ఉన్న కుండీకి మళ్ళీ నీళ్ళు పోస్తున్నారు.

“రండి మామయ్యా, మైకు మీకోసం చూస్తోంది.”

“వద్దులే అమ్మాయ్. అంకెల దగ్గరే ఇంత గొడవైతే గొంతు దాకా వస్తే ఏమవుతుందో.”

“అంకె తేలిపోయింది. మీ అబ్బాయి చెప్పిందే ఖాయం. మీరు రాకపోతే ఆ మొక్క కుళ్ళిపోతుంది.”

ఆయన మొక్క వంకా నా వంకా చూసి చెంబు కింద పెట్టారు. నేను ముందుగా కిందికి దిగొచ్చేసరికి మా ఆయన ఫ్రిజ్జు ప్లగ్గు పీకడానికి వెళ్ళారు. గదిలో ఎవరూ లేరు. గబగబా ల్యాప్‌టాప్‌లో నలభై నాలుగు తీసేసి నలభై ఎనిమిది పెట్టాను. ఆయన ముచ్చటే చెల్లనీ, రాత్రికి చెబితే ఉబ్బిపోతారు అనుకున్నాను. నేను తగ్గడమనేది మా ఇంట్లో చిన్న విషయం కాదు. ఆయన వచ్చి, నా మొహంలోకి చూసి, ఆయనే ఏదో దాచుకున్నట్టు నవ్వారు. నాకప్పుడు అర్థం కాలేదు.

మామయ్య చదివారు. ఒక పడవవాడి కథ అది. ఆఖరి మనిషి వస్తానన్నాడు, ఇంకా రాలేదు, పడవవాడు ఒడ్డున ఎదురుచూస్తుంటాడు. అంతే కథ. పడవ కదిలిందా లేదా అన్నది ఆ పేజీలో లేదు. నేను తలుపవతల పరుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. మధ్యమధ్యలో మామయ్య ఆగుతుంటే మరిచిపోయారేమోనని కంగారుపడ్డాను. మరిచిపోలేదు. ఆగి, మళ్ళీ చదివేవారు.

అయిపోయాక ఆ గదిలోనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు. బాగానే వచ్చింది, ఎక్కడా చప్పుళ్ళు లేవు. మామయ్య మొహంలో మాత్రం ఏమీ కనబడలేదు. “బొంగురుపోయింది,” అని లేచి వెళ్ళి వరండాలో కూర్చున్నారు.

అత్తయ్యకి ఆ కోట్ల వాసన పడదు, స్టూడియోలోకి ఎప్పుడూ రారు. అందుకని ఫైలు నా ఫోనులోకి ఎక్కించుకుని వంటింట్లోకి పట్టుకెళ్ళాను. ఆవిడ బీన్స్ తరుగుతున్నారు. ఫోను గట్టు మీద పెట్టి నొక్కాను.

చదువుతున్నది మామయ్యే. కానీ ఈ మామయ్యని నేనెప్పుడూ చూడలేదు. గొంతు సన్నబడింది, చురుగ్గా ఉంది, మాట వెనక మాట ఉరుకుతోంది. ముప్పయ్యేళ్ళ మనిషి ఎవరో నవ్వు ఆపుకుంటూ చదువుతున్నట్టుంది. నేను నోరు తెరుచుకుని అత్తయ్య వైపు చూశాను. ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. చెంపలు ఎర్రబడ్డాయి. అత్తయ్య సిగ్గుపడటం నేను కాపురానికి వచ్చాక అదే మొదటిసారి చూడటం.

“ఇదెక్కడ దొరికిందే నీకు? పాత బస్టాండు క్యాసెట్టా?”

“ఇప్పుడు చదివిందేనండీ!”

“పోవే, నాకు తెలీదా ఆ గొంతు?”

వరండాలోంచి మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తన గొంతు తనే వింటున్నారు. వింటున్నకొద్దీ వంగిన భుజాలు లేచాయి, గడ్డం పైకి లేచింది, చెయ్యి తెలీకుండానే చొక్కా సర్దుకుంది. అయిపోయాక, “ఇది నేనే,” అన్నారు. తలూపలేదు, నోటితో అన్నారు. “ఒరే, ఇదే పంపించెయ్. ఇంకేం ఆలోచించకు.”

మా ఆయనకి మాత్రం అనుమానమొచ్చింది. స్టూడియోలోకి వెళ్ళి, స్క్రీను చూసి, మైకుని కంప్యూటరుకి కలిపే ఓ పాత పెట్టెని వెనక్కి తిప్పి చూసి, నన్ను కేకేశారు.

“స్క్రీను మీద నలభై ఎనిమిది ఎవరు పెట్టారు?”

“నేనే. మీరు సంతోషిస్తారని.”

ఆయన నెత్తి పట్టుకున్నారు. తర్వాత పడీపడీ నవ్వడం మొదలుపెట్టారు. విషయమేమిటంటే, సెకండ్‌హ్యాండులో కొన్న ఆ పెట్టె కంప్యూటరు మాట వినదు. దాని వేగం దాని వీపు మీదున్న చిన్న స్విచ్చుతోనే మారుతుంది. అది నలభై ఎనిమిదిలో ఉండేదట. నేను మేడ మీద ఉన్నప్పుడు, నా మాటే నెగ్గనీ అని ఆయన దాన్ని నలభై నాలుగుకి తిప్పారట. గుమ్మం దగ్గర ఎదురుపడి ఒకరికొకరు దారివ్వబోయి ఇద్దరూ ఒకే పక్కకి జరిగినట్టయింది మా పని. పెట్టె నలభై నాలుగు వేల నూరు సార్లే తొంగిచూసింది. కంప్యూటరు మాత్రం నలభై ఎనిమిది వేలని రాసుకుంది. గదిలో హెడ్‌ఫోన్స్‌కి అదే పెట్టె తన వేగంతో తను చదివి వినిపించింది కాబట్టి తేడా తెలీలేదు. ఫోను మాత్రం రాసి ఉన్నదాన్ని నమ్మి పరుగెత్తింది. ఒక టేపుతో కొలిచి ఇంకో టేపుతో కత్తిరించాం. బట్ట బిగుతైంది, మనిషి సన్నబడ్డాడు.

“మీరు తగ్గారా?” అన్నాను, నమ్మలేక.

“నువ్వు తగ్గావా?” అన్నారాయన, ఇంకా నమ్మలేక.

ఆ కోట్ల మధ్య నిలబడి మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మా ఆయన ఆ తప్పు అంకె దిద్దగానే ఫైలు దారికొచ్చింది. దాన్నీ ఫోనులో వినిపించాం. ఇప్పటి మామయ్య, ఇప్పటి గొంతు. మామయ్య భుజాలు మళ్ళీ కిందికి దిగాయి.

“ఇది ముసలివాడి గొంతు. మొదటిదే పంపు.”

“అది తప్పు రేటు నాన్నా!”

“తప్పైతే ఏం? బాగుంది కదా.”

“బాగుంటే మాత్రం! రేపు పుస్తకం ఇస్తే?”

“ప్రతిసారీ ఆ స్విచ్చు అలాగే తిప్పు. నీ సొమ్మేం పోయింది?”

ఎప్పుడూ నలభై ఎనిమిది అని గింజుకునే మనిషి తల గోక్కున్నారు. నేను నిజానికి మామయ్య పక్షమే. ఆయన మొహంలో ఆ వెలుగు చూశాక కాదనడం నావల్ల కాలేదు. సాయంత్రం దగ్గరపడుతోంది. ఆఖరికి మామయ్యే అన్నారు. “మీ అత్తయ్యని అడగండి. తనేదంటే అది.” ఆవిడ ఏమంటారో తనకి తెలుసన్న ధీమాతో అన్నారు. ఆ చెంపలు ఆయనా చూశారు మరి.

అత్తయ్య చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రెండూ మళ్ళీ పెట్టించుకున్నారు. మొదటిది వింటున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు. రెండోది వింటున్నప్పుడు నవ్వలేదు, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ విన్నారు.

“ఈ మొదటి కుర్రాడు నాకు బాగా తెలుసు,” అన్నారు. “నేను బస్టాండు పార్సిల్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో పొద్దస్తమానం వీడి గొంతే. ఆ గొంతు వింటూ ఎన్ని పార్సిళ్ళు తప్పు ఊళ్ళకి పంపానో నాకే తెలీదు. కానీ వీడికెప్పుడూ బస్సు తొందరే. పెళ్ళి చేసుకుందామా అని కూడా ఆఖరి బస్సు కదిలిపోతున్నట్టు అడిగాడు. నేను సరే అనేలోపే వెళ్ళిపోయాడు. మర్నాడు నేనే ఆ మైకు గదికి వెళ్ళి సరేనని చెప్పాల్సొచ్చింది.”

“అప్పుడు మైకు ఆన్‌లో ఉంది,” అన్నారు మామయ్య మెల్లగా.

“ఉంది. బస్టాండంతా విన్నారు.” అత్తయ్య ఆయన వైపు తిరిగారు. “చూడండీ, ఈ కథలో పడవవాడు ఎదురుచూడాలి. ఆ కుర్రాడు ఎదురుచూడట్లేదు, గడియారం చూసుకుంటున్నాడు. రెండోదాంట్లో ఎదురుచూస్తున్నాడు. మీరు ఆగిన చోటల్లా నేను అవతలి ఒడ్డుకేసి చూశాను. చూపులేని వాళ్ళకి కావాల్సింది అదే కదా? రెండోదే పంపండి. నాకు అదే ఇష్టం.”

మామయ్య జేబులోంచి ఆ కాగితం తీసి ఓసారి చూసుకున్నారు. తర్వాత, ఒక్కో మాటా ఆగి ఆగి, “సరే, రెండోదే పంపించరా,” అన్నారు. భుజాలు ఈసారి ఎవరూ లేపకుండానే లేచాయి.

“నలభై నాలుగులోనే పంపనా, నలభై ఎనిమిదికి మార్చి పంపనా?” అన్నారు మా ఆయన.

ముగ్గురం ఒక్కసారిగా అరిచాం. ఫైలు వెళ్ళిపోయింది. ఆ అరుపుల్లో అత్తయ్యకి ఫ్రిజ్జు గుర్తొచ్చింది. ప్లగ్గు పీకింది పీకినట్టే ఉంది. ఐస్‌క్రీము డబ్బా అడుగున పాయసమైపోయింది. నలుగురం చుట్టూ కూర్చుని గరిటెలతో తాగేశాం. మామయ్య గడ్డం మీద కార్చుకుంటూ ఏ బస్సు డ్రైవరు ఏ ఐస్‌క్రీము కోసం ఎక్కడ బస్సాపేవాడో మొదలుపెట్టి పూర్తిగా చెప్పారు. పూర్తిగా అంటే పూర్తిగా. ఎవరం మధ్యలో లేవలేదు.

లైబ్రరీవాళ్ళు పిలిచారు. మొదటి పుస్తకం దిండంత లావుంది. ఇప్పుడు ఆదివారాలు నా మిషనుకీ ఫ్రిజ్జుకీ కలిపి సెలవు. పెట్టె వీపు మీద స్విచ్చుకి నేనే ఓ గుడ్డముక్క చుట్టి కుట్టేశాను, ఇంకెవరూ ఎవరికోసమూ తగ్గకుండా. ఏ అంకె దగ్గర కుట్టానని అడగకండి, దాని మీద ఇంకా గొడవ నడుస్తూనే ఉంది.

ఆ తప్పు ఫైలుని మాత్రం చెరిపెయ్యొద్దని అత్తయ్య అన్నారు. తన ఫోనులో పెట్టించుకున్నారు. మొన్నొక పొద్దున వంటింట్లో అది వింటుంటే మామయ్య వెనకనుంచి వచ్చారు.

“ఎవరా కుర్రాడు?”

“తెలిసినవాడే,” అన్నారు అత్తయ్య, ఫోను ఆపకుండా. “మహా తొందర మనిషి. వెళ్ళిపోయాడు.”

“మరి నేనో?”

“మీరు ఉన్నారుగా,” అని ఆయన కోసం ఇంకో కుర్చీ జరిపారు.